కొవ్విన తట్టువ ఎందుకు కుంటుతుంది?

మేత చాలని పశువు నీరసించి జబ్బుపడడం ఎవరికైనా అర్థమయ్యే విషయమే గాని, దాణాకు ఏ లోటూ లేకుండా, నిగనిగలాడే ఒంటితో, నిండుగా ఉబ్బిన డొక్కలతో కనిపించే తట్టువ ఒకనాటి ఉదయం ముందరికాళ్ళు నేల మీద మోపలేక నిలబడిపోవడం చాలామంది యజమానులకు అంతుపట్టదు. గిట్టలో ముల్లు కనబడదు, లాడం మేకు పక్కకు దిగిన జాడ ఉండదు, కాలి మీద గాయమూ ఉండదు. తట్టువ అంటే మూపు దగ్గర కొలిచినప్పుడు సుమారు 148 సెంటీమీటర్లకు మించని పొట్టి గుర్రం. ఒకప్పుడు జట్కాబండ్లు లాగినవీ, ఇప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లోనూ సముద్రతీరపు సవారీల్లోనూ కనిపించేవీ ఎక్కువగా ఇవే. ఈ జంతువులో నొప్పి గిట్టలో పుట్టినా, దాని మూలం చాలాసార్లు దాణా తొట్టిలో ఉంటుంది.

దేశంలో గుర్రాలు, తట్టువలు కలిపి 2012 పశుగణనలో 6.25 లక్షలు ఉండగా, 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. బండ్లు మోటార్లకు మారిపోవడంతో మిగిలిన గుర్రాలకు పని తగ్గింది. అయితే దాణా లెక్క మాత్రం రోజంతా బండి లాగిన కాలం నాటిదే చాలా ఇళ్ళలో ఇప్పటికీ నడుస్తోంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని తెలుగువారు ఎగతాళిగా అనే మాట, పని లేక తింటున్న ఈనాటి తట్టువల విషయంలో వైద్యశాస్త్రపు మాటగా కూడా చెల్లుతుంది.

కొల్లం నుంచి నెల్లూరు దాకా ఒక పాత సాక్ష్యం

నెల్లూరు తీరంలో గుర్రాల పోషణ మీద ఫిర్యాదు కొత్తది కాదు. 13వ శతాబ్ది చివరి సంగతులను పారశీక భాషలో గ్రంథస్థం చేసిన వస్సాఫ్ అనే చరిత్రకారుడు, మాబర్ దేశం కొల్లం నుంచి నెల్లూరు వరకు సముద్రం వెంబడి పరుచుకుని ఉందని చెబుతూ, పారశీక సింధుశాఖలోని ఖైస్ దీవి వర్తకులు ఏటా 1400 గుర్రాలను ఇక్కడ దింపే ఏర్పాటు ఉండేదని, ఒక్కో గుర్రం వెల 220 బంగారు దీనారాలని, గుర్రం చచ్చినా దాని ఖరీదు రాజుగారి ఖజానా చెల్లించవలసిందేనని రాశాడు. నెల్లూరు తెలుగు చోడుల రాజధానిగా వెలిగిన కాలమది. పాండ్యరాజు జటావర్మ సుందర పాండ్యుడు నెల్లూరును గెలిచి అక్కడే వీరాభిషేకం చేయించుకున్నది కూడా ఆ శతాబ్దిలోనే.

వస్సాఫ్‌ను ఆశ్చర్యపరిచింది ధర కన్నా మేపే తీరు. పచ్చి బార్లీ తిని పెరిగిన ఆ గుర్రాలకు ఇక్కడ వేయించిన బార్లీ, వెన్న కలిపిన గింజలు పెట్టి, కాచిన ఆవుపాలు తాగించేవారట. ఒళ్ళు చేయడం కోసం నలభై రోజులు మేకులకు, తాళ్ళకు కట్టి శాలలోనే ఉంచి, ఆ తరువాత తర్ఫీదు లేకుండానే ఒక్కసారిగా సవారీకి దింపేవారట. దానితో చురుకైన గుర్రాలు కొద్దికాలంలోనే మందకొడిగా, పనికిమాలినవిగా తయారయ్యేవట. అదే కాలంలో ఈ తీరాన్ని చూసిన వెనిస్ వర్తకుడు మార్కో పోలో, గుర్రాలకు మాంసంతో ఉడికించిన అన్నం పెట్టేవారని, గుర్రపు వైద్యం, లాడాల పని తెలిసినవాళ్ళు ఇక్కడ లేరని, రాజు ఏటా కొనే రెండువేల పైచిలుకు గుర్రాలలో ఏడాది చివరికి వంద కూడా మిగలవని చెప్పాడు.

ఈ అంకెలలో వర్తకుల కబుర్ల వాసన ఉంది. గుర్రాల దేశాల నుంచి వచ్చినవారి చిన్నచూపు కూడా ఉంది. తెలుగులో మనుమంచి భట్టు వంటివారు తరువాతి కాలంలో అశ్వశాస్త్రాన్ని పద్యాలలో చెప్పిన సంగతి తెలిసినవారు, ఈ దేశంలో గుర్రం ఎరిగినవాళ్ళే లేరన్న మాటను యథాతథంగా ఒప్పుకోలేరు. పైగా చావులన్నిటినీ దాణా ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఎండ, ఉక్క, జోరీగల వల్ల వ్యాపించే సర్రా జ్వరం వంటివి కూడా పరదేశపు గుర్రాలను పొట్టన పెట్టుకుని ఉంటాయి. సర్రాకు కారణమైన సూక్ష్మజీవిని పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ పంజాబు ప్రాంతంలో 1880లో గాని గుర్తించలేదు. అయినా ఆ వర్ణనలో ఒక భాగం మాత్రం ఈనాటి పశువైద్యుడిని ఉలిక్కిపడేలా చేస్తుంది. వేయించిన గింజ, వెన్న, నలభై రోజుల కట్టుకొయ్య: గుర్రం శరీరంలో ఇన్సులిన్ అదుపు తప్పించడానికి ఎవరైనా కావాలని ఒక పథకం వేసినా ఇంతకన్నా బాగా వేయలేరు.

కొద్దిపాటి మేతతో నెగ్గిన ఒళ్ళు

వస్సాఫ్ చెప్పినవి పెద్ద జాతి గుర్రాలు. తట్టువల సంగతి మరింత సున్నితం. షెట్లాండ్ దీవుల చలిగాలుల్లో, స్పితి లోయలో, మణిపూర్ కొండల్లో, దక్కను పీఠభూమి ఎండుగడ్డి మైదానాల్లో రూపుదిద్దుకున్న తట్టువ జాతులన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది మేత కరువు. గడ్డి దొరికిన నాలుగు నెలల్లో వీలైనంత కొవ్వు దాచుకుని, దొరకని నెలల్లో దాన్ని కరిగించుకుంటూ బతికినవే పిల్లలను కన్నాయి. తరాల తరబడి జరిగిన ఈ వడపోత వల్ల తట్టువ శరీరం పోషకాన్ని అతి పొదుపుగా వాడే యంత్రంగా మారింది. అదే బరువున్న పరుగు పందెపు గుర్రం చిక్కిపోయే మేత మీద తట్టువ ఒళ్ళు చేస్తుంది.

నెల్లూరు తీరపు ఋతుచక్రం ఈ పొదుపుకు తగినట్టే ఉంటుంది. ఇక్కడి ఏటి వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు లోపల కురుస్తుంది. సంక్రాంతి దాకా గట్ల మీద, చెరువు లోతట్టున పచ్చిక కళకళలాడుతుంది. రోహిణి కార్తె నాటికి మిగిలేది పీచు మాత్రమే. స్వేచ్ఛగా తిరిగే జంతువు ఈ చక్రంలో శీతకాలంలో లావెక్కి, ఎండల్లో చిక్కి, మళ్ళీ వానలకు లావెక్కుతుంది. కట్టుకొయ్య మీద ఉన్న తట్టువకు ఎండల్లో చిక్కే అవకాశమే ఉండదు, ఎందుకంటే గడ్డి తగ్గగానే యజమాని ప్రేమగా దాణా పెంచుతాడు. కిందటేటి కొవ్వు కరగకముందే కొత్త గడ్డి వస్తుంది. ఏటా కొంత కొంత చేరుతూ, నాలుగైదేళ్ళకు అది మెడ మీద గట్టి దిమ్మెగా, తోక మొదట్లో మెత్తలుగా తేలుతుంది. దీన్ని యజమాని నిర్లక్ష్యం అనడం కన్నా తప్పిన శ్రద్ధ అనడమే సబబు.

గడ్డి వెళ్ళే దారి, గింజ వెళ్ళే దారి

గుర్రం ఆవులాగా నెమరువేయదు. దాని పొట్ట ఒంటితో పోలిస్తే చిన్నది. తిన్నది త్వరగా చిన్నపేగులోకి జారిపోతుంది. గింజలోని పిండిపదార్థం, చక్కెర అక్కడే గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తాయి. గడ్డిలోని పీచు మాత్రం అక్కడ అరగదు. అది పెద్దపేగునూ, దాని మొదట్లో ఉండే అంధనాళం అనే పెద్ద సంచినీ చేరాక, అక్కడ కాపురమున్న కోట్లాది సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. గుర్రం తన శక్తిలో పెద్ద పాలు ఈ ఆమ్లాల నుంచే తెచ్చుకుంటుంది. ఈ శక్తి రోజంతా కొంచెం కొంచెంగా అందుతుంది కాబట్టి రక్తంలో చక్కెర గాని, దాన్ని కణాలలోకి పంపే ఇన్సులిన్ అనే హార్మోను గాని ఒక్కసారిగా ఎగదన్నవు. గింజ దారిలో ఈ నెమ్మది ఉండదు.

నెల్లూరు వైపు గుర్రపు దాణా అనగానే గుర్తొచ్చే ఉలవ గుగ్గిళ్ళను ఇక్కడ కొంచెం దగ్గరగా చూడాలి. ఉలవల్లో మాంసకృత్తులు దాదాపు 22 శాతం ఉంటాయి. సగానికి పైగా పిండిపదార్థాలు. పచ్చి ఉలవల్లో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి కనుక ఉడికించి పెట్టడం పూర్వులు అనుభవంతో కనిపెట్టిన మంచి పద్ధతి. అయితే ఉడికినప్పుడు పిండిరేణువులు నీరు పీల్చి ఉబ్బి పగులుతాయి. పగిలిన రేణువును చిన్నపేగు ఇట్టే అరిగించుకుంటుంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా బండి లాగే జట్కా గుర్రానికి ఇది వరం. దాని కండలు ఆ గ్లూకోజును అప్పటికప్పుడు కాల్చేస్తాయి. వారానికి ఒక ఊరేగింపు తప్ప పని లేని తట్టువకు అవే గుగ్గిళ్ళు కొవ్వుగా మారడం తప్ప దారి లేదు. దాని మీద బెల్లం ముక్క, ముద్దుగా పెట్టే అరటిపండు చేరితే లెక్క మరింత పెరుగుతుంది.

గింజ మోతాదు మరీ మించినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. చిన్నపేగు అరిగించుకోలేని పిండి అంధనాళంలోకి పొర్లి, అక్కడ లాక్టిక్ ఆమ్లం పుట్టి, పీచును అరిగించే సూక్ష్మజీవులు చచ్చి, వాటి విషాలు రక్తంలోకి ఎక్కుతాయి. గుర్రం రాత్రిపూట కట్టు తెంపుకుని దాణా గదిలో పడినప్పుడు జరిగేది ఇదే. అది ఒక్క రాత్రి ఉపద్రవం. కొవ్విన తట్టువది నెలలూ ఏళ్ళూ సాగే వేరే కథ.

చక్కెర పరీక్షకు దొరకని జబ్బు

కొవ్వు పేరుకున్న తట్టువలో కండరాల కణాలు, కాలేయ కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. అందుకు క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్ వదులుతుంది. మనుషుల మధుమేహంలో ఏళ్ళు గడిచే కొద్దీ క్లోమం అలసిపోయి, చక్కెర పెరుగుతుంది. తట్టువ క్లోమం అంత సులువుగా అలసిపోదు. మామూలుకు ఎన్నో రెట్లు ఇన్సులిన్ పోస్తూ చక్కెరను అదుపులో ఉంచుతూనే ఉంటుంది. అందుకే రక్తంలో చక్కెర పరీక్ష చేయించి, బాగానే ఉందని తేలిన తట్టువ కూడా జబ్బు మధ్యలో ఉండవచ్చు. కొలవవలసింది ఇన్సులిన్‌ను, వైద్యుడు పరీక్షించదలిస్తే చక్కెర పాకం నిర్ణీత మోతాదులో తాగించి, గంట నుంచి గంటన్నర తరువాత రక్తం తీసి చూస్తాడు. ఊబకాయం, ఇన్సులిన్ అదుపు తప్పడం, కాలు నేల మీద మోపనివ్వని గిట్టవాపు కలిసి వచ్చే ఈ స్థితికి అశ్వ జీవక్రియా సిండ్రోమ్ అన్న పేరు 2002లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ జాన్సన్ రచనతో స్థిరపడింది.

ఇన్సులిన్ ఎక్కువగా ఉండడం జబ్బుకు గుర్తా, జబ్బుకు కారణమా అన్న సందేహం మరి కొన్నేళ్ళు నిలిచింది. దాన్ని తీర్చింది 2007లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ బృందం ప్రచురించిన ప్రయోగం. ఊబకాయం లేని, ఆరోగ్యంగా ఉన్న తట్టువల రక్తనాళాల్లోకి ఇన్సులిన్‌ను ఆగకుండా ఎక్కిస్తూ, చక్కెర పడిపోకుండా పక్కనే గ్లూకోజు కూడా ఎక్కించారు. చక్కెర మామూలుగానే ఉంది, పేగుల్లో ఏ తేడా లేదు, కొవ్వు లేదు. మారింది ఇన్సులిన్ ఒక్కటే. 72 గంటల లోపల ఇన్సులిన్ ఎక్కించిన తట్టువలన్నిటికీ గిట్టవాపు వచ్చింది. దాణాకూ గిట్టకూ మధ్య ఇన్సులిన్ నేరుగా ముడివేస్తుందని అంతకన్నా స్పష్టంగా చూపడం కష్టం.

గిట్ట గోడ లోపల

ఇన్సులిన్ ఎక్కువైతే గిట్టకే ఎందుకు ఎసరు వస్తుందో తెలియాలంటే గిట్ట లోపలి నిర్మాణం చూడాలి. గుర్రం ఒక్కో కాలి మీద ఒక్క వేలి కొనతో నడిచే జంతువు. బయట కనిపించే గట్టి గిట్ట ఆ వేలి గోరు. గోరు లోపల ఒక చిన్న ఎముక ఉంటుంది. ఒంటి బరువంతా ఆ ఎముక మీదికి దిగుతుంది. ఆ ఎముక మాత్రం గిట్ట అడుగున ఆనుకుని నిలబడదు, గిట్ట గోడ లోపలి ముఖానికి అతుక్కుని వేలాడుతూ ఉంటుంది.

ఆ అతుకు ఒక వింత. ఎముక వైపు నుంచి సుమారు 550 నుంచి 600 పల్చని రేకులు నిలువుగా బయటికి, గిట్ట గోడ వైపు నుంచి అన్నే రేకులు లోపలికి పొడుచుకు వచ్చి, రెండు పుస్తకాల పుటలను ఒకదాని మధ్య ఒకటి చొప్పించినట్టు పెనవేసుకుని ఉంటాయి. ఒక్కో రేకు మీద మళ్ళీ 150 నుంచి 200 దాకా ఇంకా సన్నని రేకులు ఉంటాయి. ఇలా ముడుచుకున్న అతుకు వైశాల్యం ఒక్క గిట్టలోనే సుమారు 0.8 చదరపు మీటరు. అంత బరువు అంత చిన్న చోట నిలవడం ఈ రేకుల సంఖ్య వల్లనే సాధ్యమవుతుంది.

ఇన్సులిన్ మోతాదు చాలాకాలం హెచ్చుగా ఉన్నప్పుడు ఈ రేకుల కణాలు సాగి, పొడవై, తమ పట్టు వదులుతాయి. ఇన్సులిన్‌ను పోలిన పెరుగుదల హార్మోనుకు ఉద్దేశించిన గ్రాహకాలు రేకుల కణాల మీద ఎక్కువగా ఉంటాయని, ఇన్సులిన్ మితిమీరినప్పుడు వాటినే తట్టి కణాలకు అకాలపు పెరుగుదల సంకేతం ఇస్తుందని ఇప్పుడు బలంగా నిలిచిన వివరణ. కారణం ఏదైనా ఫలితం ఒక్కటే: రేకులు సాగినప్పుడు ఎముక గోడ నుంచి విడిపడుతుంది, పైనుంచి బరువు తోస్తుంది, వెనుక నుంచి లాగుతున్న స్నాయువు ఎముక మొనను కిందికి తిప్పుతుంది. విషమించిన తట్టువలో ఆ మొన అరికాలి పొరను చీల్చుకుని బయటికి రావచ్చు.

ఇంత విధ్వంసం జరగడానికి ముందు గిట్ట తన చరిత్రను తన మీదే రాసుకుంటుంది. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు కిందికి పెరుగుతుంది. స్వల్పంగా వచ్చి పోయిన ప్రతి వాపూ గోడ మీద ఒక అడ్డగీతను మిగులుస్తుంది. ఆరోగ్యమైన గిట్టలో ఈ గీతలు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. దెబ్బతిన్న గిట్టలో ముందువైపు దగ్గరగా, మడమ వైపు ఎడంగా విచ్చుకుని ఉంటాయి. లాడాలు కొట్టేవాడు పట్టించుకుంటే, యజమానికి కుంటు కనిపించడానికి కొన్ని నెలల ముందే ఈ సంగతి చెప్పగలడు.

పెట్టె: వేళ్ళతో చూడవలసిన చోట్లు

కంటికి కనిపించే పొట్టను బట్టి తట్టువ లావును అంచనా వేయడం పొరపాటు. గడ్డి ఎక్కువ తిన్న పొట్ట కూడా పెద్దగానే కనిపిస్తుంది. అమెరికాలోని టెక్సాస్‌లో హెన్నెకె, ఆయన సహచరులు 1983లో ప్రచురించిన కొలమానంలో ఒళ్ళు 1 నుంచి 9 దాకా లెక్కిస్తారు. మెడ, మూపు, భుజం వెనుక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు అనే ఆరు చోట్లా చేత్తో తడిమి చూడాలి. 5 దగ్గర ఉంటే సరి. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, అరచెయ్యి రాస్తే మాత్రం తేలిగ్గా తగలాలి. గట్టిగా నొక్కితే గాని ఎముక తగలకపోతే, నడుము మధ్య వాన నీరు నిలిచేలా గాడి పడితే 7 దాటినట్టు.

మెడను విడిగా చూడాలి. జూలు కింద మెడ పైఅంచు రెండు వేళ్ళ మధ్య అటూ ఇటూ ఒంగితే ఫరవాలేదు. గట్టిపడి, ఒంగకుండా నిలబడితే అది ఇన్సులిన్ ఇబ్బందికి దగ్గరి గుర్తు. బరువు తూచే యంత్రం ఊళ్ళో దొరకదు కనుక, దర్జీ టేపుతో ముందరికాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలతను ప్రతి వారమూ ఒకే రోజు, ఒకే వేళకు కొలిచి రాసిపెట్టుకోవడం మేలు.

పస్తు పెట్టరాదు

ఇంతవరకు చదివినవారికి తోచే మొదటి ఉపాయం మేత మానిపించడం. తట్టువ విషయంలో ప్రాణం తీసే పొరపాటు అదే. ఆహారం ఒక్కసారి ఆగినప్పుడు ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది. ఆరోగ్యమైన జంతువులో ఆ ప్రవాహానికి ఇన్సులిన్ ఆనకట్ట వేస్తుంది. ఇన్సులిన్ మాట వినని తట్టువలో ఆనకట్ట తెగి, కొవ్వు వరదలా కాలేయం మీద పడుతుంది. కాలేయం దాన్ని ఖర్చు చేయలేక మళ్ళీ రక్తంలోకి నెడుతుంది. అప్పుడు తీసిన రక్తాన్ని గాజు గొట్టంలో నిలబెడితే, పైకి తేరిన ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది. ఆకలి చచ్చిపోతుంది, ఆకలి చావడంతో కొవ్వు మరింత కరుగుతుంది. కొవ్విన తట్టువలకు, గాడిదలకు, చూలుతో ఉన్న ఆడగుర్రాలకు ఈ ముప్పు ఎక్కువ. వైద్యం చేసినా చాలా జంతువులు దక్కవు. మరో సంగతి ఏమిటంటే గుర్రం పొట్టలో ఆమ్లం ఇరవైనాలుగు గంటలూ ఊరుతూనే ఉంటుంది. నోట్లో గడ్డి నలుగుతూ లాలాజలం దిగకపోతే పొట్ట గోడకు పుండ్లు పడతాయి.

కాబట్టి చేయవలసింది కడుపు మాడ్చడం కాక, కడుపు నింపే మేతలోని బలాన్ని తగ్గించడం. మొదట గింజ, తవుడు, బెల్లం పూర్తిగా ఆపాలి. ఆ తరువాత రోజుకు, నీటి శాతం తీసివేసి లెక్కించిన మేత ఒంటి బరువులో 1.5 శాతం దగ్గర ఉండాలి. 200 కిలోల తట్టువకు ఇది 3 కిలోలు. ఎండుగడ్డిగా పెడితే 3.3 కిలోలు, నూటికి 80 పాళ్ళు నీరున్న పచ్చగడ్డిగా పెడితే 15 కిలోలు. పచ్చగడ్డి మోపు చూసి ఎక్కువ పెడుతున్నామని, ఎండుగడ్డి చుట్ట చూసి తక్కువ పెడుతున్నామని యజమానులు భ్రమపడేది ఈ నీటి లెక్క వల్లనే. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఇంతకన్నా దిగడం మంచిది కాదు. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గితే చాలు. మేతను రోజుకు నాలుగైదు సార్లుగా విడగొట్టి, లావు తాడుతో అల్లిన చిన్న కన్నుల సంచిలో పెట్టి వేలాడదీస్తే, అరగంటలో అయిపోయేది రెండు మూడు గంటలు నడుస్తుంది. పారేసిన చేపల వలలు ఇందుకు పనికిరావు; సన్నని నైలాన్ దారం పళ్ళకూ, లాడాలకూ చిక్కుకుంటుంది.

తీరంలో దొరికే మేతలో మంచి చెడ్డలు

వరి పండే నెల్లూరులో చౌకగా దొరికేది వరిగడ్డి. బలం తక్కువ గనుక సన్నబడవలసిన తట్టువకు కొంత భాగంగా పనికొస్తుంది. సిలికా ఎక్కువ, అరుగుదల తక్కువ గనుక అదొక్కటే పెడితే పేగులో ముద్దకట్టి కడుపునొప్పి తెస్తుంది. గరిక ఎండబెట్టి నిలవచేసినది దానికి తోడైతే మెరుగు. చలిదేశాల పచ్చిక తన చక్కెరను ఫ్రక్టాన్ అనే రూపంలో విపరీతంగా దాచుకుంటుంది. ఐరోపాలో వసంతపు పచ్చిక తట్టువలను కుంటిపెట్టడానికి అదొక కారణం. గరిక వంటి వేడిప్రాంతపు గడ్డి ఆ పని చేయదు. అయితే లేత చివుళ్ళ గడ్డిని ఇష్టమొచ్చినంత మేయవచ్చని దీని అర్థం కాదు.

తవుడు చేసే చేటు రెండు రకాలు. అందులో నూనె, పిండి ఎక్కువ కావడం ఒకటి. కాల్షియం కన్నా భాస్వరం పది రెట్లకు పైగా ఉండడం రెండోది. ఏపుగా పెరిగే నేపియర్ వంటి గడ్డిలోని ఆక్సలేట్లు మేతలో ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టేస్తాయి. నేపియర్ గడ్డి, తవుడు జోడీ మీద నెలల తరబడి పెరిగిన గుర్రం తన ఎముకలలోని కాల్షియాన్నే రక్తంలోకి లాక్కుంటుంది. దవడ, ముఖపు ఎముకలు ఉబ్బి మెత్తబడతాయి. సన్నబడే తట్టువకు గింజ ఆపినప్పుడు ఖనిజ లవణాల మిశ్రమాన్ని విడిగా ఇవ్వడం అందుకే తప్పనిసరి.

ఎండుగడ్డిని చల్లని నీళ్ళలో గంటసేపు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోస్తే చక్కెర కొంత కరిగిపోతుంది. చలిదేశాల పుస్తకాలు రాత్రంతా నానబెట్టమంటాయి. నెల్లూరు వేడిలో అలా చేస్తే తెల్లారేసరికి గడ్డి పులిసి వాసనకొడుతుంది.

ఇక ఈ తీరంలో ఎవరూ లెక్కలోకి తీసుకోని దాణా సర్కారు తుమ్మ కాయ. ఉప్పునేలల వెంట, రొయ్యల చెరువుల గట్ల వెంట పెరిగిన ఆ చెట్ల కింద వేసవిలో రాలే పసుపుపచ్చని కాయలు తియ్యగా ఉంటాయి. వాటి గుజ్జులో చక్కెర దండిగా ఉంటుంది. మేత తగ్గించిన తట్టువను ఆ చెట్ల కింద కట్టి, ఎందుకు తగ్గడం లేదని ఆశ్చర్యపోతే లాభం లేదు. ఆకలిగా ఉన్న తట్టువ ఇసుకనేల మీద గడ్డిమొదళ్ళు పీకినప్పుడు ఇసుక కూడా మింగుతుంది. అది పెద్దపేగు అడుగున పేరుకుని నొప్పి తెస్తుంది. అందువల్ల తీరగ్రామాల్లో మేతను నేల మీద చల్లకుండా తొట్టిలోనో, సిమెంటు గచ్చు మీదో పెట్టాలి.

నడక, ఉక్క

కదిలే కండ ఇన్సులిన్ సాయం లేకుండానే కొంత గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. నడక వల్ల కరిగే కొవ్వు కొద్దిదే అయినా ఇన్సులిన్ మోతాదు దిగడానికి అది చేసే మేలు పెద్దది. అయితే నొప్పి ఉన్న గిట్టతో నడిపించడం, విడిపోతున్న రేకులను చేతులారా చించడమే. గిట్ట బాగున్న తట్టువను పొద్దు పొడవకముందు, అలల అంచున గట్టిపడ్డ తడి ఇసుక మీద నడిపించడం మంచిది. పొడి ఇసుకలో కాలు దిగబడి స్నాయువులు బెణుకుతాయి. గుర్రం చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, సముద్రపు తేమగాలిలో చెమట ఆరదు, పైగా కొవ్వుపొర లోపలి వేడిని బయటికి పోనివ్వదు. మే నెలలో ఎండ ఎక్కాక కొవ్విన తట్టువను పరిగెత్తించడం వడదెబ్బను పిలవడమే.

నొప్పి మొదలైన రోజు

గిట్టవాపు వచ్చిన తట్టువ ముందరికాళ్ళను చాచి, బరువంతా వెనుకకాళ్ళ మీదికి తోసి నిలబడుతుంది. మలుపు తిరగమంటే మొరాయిస్తుంది. గిట్టపై కీలు వెనుక ఇరుపక్కలా రెండు వేళ్ళు తేలిగ్గా ఆనిస్తే, మామూలుగా వెతికితే గాని దొరకని నాడి వేలిని తన్నినట్టు కొట్టుకుంటుంది. ఆ నాడి దొరికిన నిమిషం నుంచి నడక, గింజ, పచ్చిక ఆగిపోవాలి, పశువైద్యుడికి కబురు వెళ్ళాలి. ఈ లోపల జానెడు లోతున మెత్తని ఇసుక పోసిన చోట నిలబెడితే అరికాలంతా ఆనుకుని గిట్ట గోడ మీద లాగుడు తగ్గుతుంది. గిట్టలను ఐసు నీళ్ళలో ఉంచడం మొదటి రెండు మూడు రోజుల్లో ఉపకరిస్తుంది. చేపల రేవులున్న తీరంలో ఐసుకు కరువు లేదు. నొప్పి మందులు వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడాలి, ఎందుకంటే నొప్పి తెలియని తట్టువ నడిచి గిట్టను పాడుచేసుకుంటుంది.

సన్నబడడం మొదలయ్యాక పక్కటెముకలు త్వరగానే చేతికి తగులుతాయి గాని, మెడ మీది దిమ్మె అన్నిటికన్నా ఆలస్యంగా కరుగుతుంది. అది గట్టిగా ఉన్నంతకాలం తట్టువ కోలుకున్నట్టు లెక్కపెట్టరాదు. వేసవిలో తగ్గించిన బరువు కార్తీకంలో వచ్చే కొత్త పచ్చికతో తిరిగిరాకుండా, వానలకు ముందు ఒకసారి ఇన్సులిన్ కొలిపించి, మేతకు వదిలేటప్పుడు మూతికి చిక్కం కట్టాలి. నూర్పిళ్ళ వేళ ఎద్దులకు కట్టే చిక్కం వంటిదే, అడుగున రెండు వేళ్ళు పట్టే రంధ్రం ఒకటి ఉంచి అల్లితే, తట్టువ నీళ్ళు తాగగలదు, గడ్డి కొసలు మాత్రం ఒకటొకటిగా అందుకుంటుంది. మొదటి రెండు రోజులు నీళ్ళు సరిగా తాగుతోందో లేదో పక్కనుండి చూడాలి, రాత్రికి చిక్కం విప్పి ఎండుగడ్డి దగ్గర కట్టెయ్యాలి.